“కరంటు పెట్టిండ్రు” తప్పా?

సందేహం: మా అత్తమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యింది. తర్వాత హైదరాబాదులో ఐదు వారాలు రేడియేషన్ ఇచ్చారు. చూడడానికి వచ్చిన వాళ్లందరికీ ఆమె “కరంటు పెట్టిండ్రు” అని చెప్తుంది. డిగ్రీ చదివే మా అబ్బాయి “కరంటు కాదు బాపమ్మా, రేడియోధార్మిక చికిత్స అనాలె” అని దిద్దుతున్నాడు. ఎవరి మాట ఒప్పు? ఇంకొకటి: “చంకలోకి పాకింది” అని డాక్టరు అన్న మాట విని, ఆమె పళ్లెం, గ్లాసు వేరుగా పెట్టమంటోంది పక్కింటావిడ. పాకడమంటే అంటుకోవడమేనా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: అమ్మా, ఈ తగవులో నేను మీ అత్తమ్మ పక్షం.

రేడియోధార్మికత అంటే ఒక పదార్థం తనంతట తాను కిరణాలు వెదజల్లే గుణం. రేడియం, కోబాల్ట్-60 అలాంటివి. కోబాల్ట్ యంత్రాలతో వైద్యం చేసేచోట మీవాడి మాట చెల్లుతుంది. ఇప్పుడు పెద్ద దవాఖానల్లో ఎక్కువగా వాడేది లీనియర్ యాక్సిలరేటర్. అందులో రేడియోధార్మిక పదార్థమేదీ ఉండదు. విద్యుత్తు బలంతో ఎలక్ట్రాన్లను ఉరికించి టంగ్‌స్టన్ వంటి లోహానికి కొట్టిస్తే ఎక్స్ కిరణాలు పుడతాయి. స్విచ్ ఆపితే అవీ ఆగిపోతాయి. మరి దాన్ని కరంటు అనడంలో తప్పేముంది? కరంటు ఆమె ఒంట్లోకి పోలేదన్నది నిజమే, పోయినవి కిరణాలు. కానీ వాటిని పుట్టించింది కరంటే. పత్రికల్లో ‘రేడియోధార్మిక చికిత్స’ అని అలవాటుగా రాసేవాళ్లకన్నా ఆమె నిజానికి దగ్గరగా ఉంది.

నాకు ఇంకా నచ్చింది ఆ ‘పెట్టడం’. దవాఖాన మాటల్లో మన క్రియలు ఎంత తూకంగా పడతాయో గమనించండి. రక్తం పరీక్షకైతే ‘తీస్తారు’, ఒంట్లోకైతే ‘ఎక్కిస్తారు’. గ్లూకోజు ఎక్కిస్తారు, కీమో కూడా ఎక్కిస్తారు. ఎక్స్‌రే తీస్తారు, ఎందుకంటే అది ఫొటో. బయాప్సీకి మన జనం పెట్టుకున్న పేరు ‘ముక్క పరీక్ష’, అందులోనూ ముక్క ‘తీస్తారు’. లోపలి నుంచి బయటికి వచ్చేది తీయడం, బయటి నుంచి లోపలికి పోయేది ఎక్కించడం. ఒంటి మీద ఒకచోట గురి చూసి చేసేది పెట్టడం: కాపడం పెట్టడం, వాత పెట్టడం, సురుకు పెట్టడం. కామెర్లకు చేతి మీద వాత పెట్టించుకున్న ముసలివాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. (ఆ వైద్యాన్ని నేను మెచ్చుకోవడం లేదు, క్రియను మెచ్చుకుంటున్నాను.) గడ్డ ఉన్నచోట వేడి తగిలించి కాల్చే పాత ఊహ మీదే ‘కరంటు పెట్టడం’ కూడా వచ్చి నిలిచిందని నాకు తోస్తుంది. ఏ పండితుడూ కూర్చోబెట్టి నేర్పిన మాట కాదది.

అయితే ఒక చిక్కుంది. మోకాళ్ల నొప్పికి ఫిజియోథెరపీలో పెట్టేదాన్నీ కరంటే అంటారు. మానసిక వైద్యంలో ఇచ్చే షాకునూ కరంటే అంటారు. అందుకని ఇంట్లో ఏమన్నా సరే, వరంగల్ ఎంజీఎం దవాఖాన‌లోనో మరోచోటో కొత్త డాక్టరుకు చెప్పేటప్పుడు మాత్రం ‘రేడియేషన్ ఇచ్చారు’ అని చెప్పించండి, ఫైలు చూపించండి. రేడియేషన్ ఎప్పుడో తెలుగైపోయిన మాట. దానికి బదులుగా ‘వికిరణ చికిత్స’ అని పుట్టించారు గానీ, ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గర అది ఎవరికీ అర్థం కాదు.

ఇక పళ్లెం, గ్లాసు సంగతి. ఇక్కడ తప్పు మాటది కాదు, వినేవాళ్లది.

అంటడమంటే తాకడం. ఎంగిలి అంటితే అంట్లు, ఒక చెట్టు కొమ్మను మరో చెట్టుకు కడితే అంటు. అంటుకోవాలంటే ఇద్దరుండాలి. పాకడానికి ఒక్కరు చాలు. పసిపిల్ల పాకుతుంది, బీరతీగ పాకుతుంది. తీగ పందిరంతా పాకినా వేరు ఒక్కటే, పక్క పాదుకు అంటుకోదు. రొమ్ములోని క్యాన్సర్ చంకలోకి పాకినా, ఎముకకు పాకినా అది రొమ్ము క్యాన్సరే. వైద్యమూ ఆ లెక్కనే సాగుతుంది. డాక్టరు చాలా సరైన మాట వాడారు. పత్రికలవాళ్లు డెంగీకీ క్యాన్సర్‌కూ కలిపి ‘వ్యాపించింది’ అని రాయడం వల్లే ఇలాంటి అనుమానాలు పుడుతున్నాయి.

ఆ మాటకొస్తే ‘అంటువ్యాధి’ కూడా అన్నిచోట్లా అతకదు. మలేరియా మనిషిని ముట్టుకుంటే రాదు. దోమ కడుపులో ఆ క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో చూసింది మన సికింద్రాబాదులోనే. క్షయ గాలి ద్వారా సోకుతుంది. వీటికి ‘సోకడం’ అన్న మాటే బాగా నప్పుతుంది. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు ఒక వైరస్ కారణమని తేల్చినందుకు హెరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు. అక్కడ కూడా సోకేది వైరసే, క్యాన్సర్ కాదు.

బయటి నుంచి యంత్రంతో రేడియేషన్ పెట్టించుకున్న మనిషి ఒంట్లో కిరణాలేవీ మిగలవు. థైరాయిడ్ క్యాన్సర్‌కు అయోడిన్-131 మింగించినప్పుడైతే కొద్ది రోజులు దూరం పాటించమని డాక్టర్లే చెప్తారు. అది మాత్రం అచ్చమైన రేడియోధార్మిక చికిత్స. మీవాడు తన మాటను దానికోసం దాచుకోవచ్చు. మీ అత్తమ్మది ఆ సంగతి కాదు కాబట్టి, ఆమె పళ్లెం మీ అందరి పళ్లేలతో పాటే ఉండనివ్వండి.