రోడ్డు మీద మీ బండికి కట్ కొట్టిన టాక్సీ వాడి మీద ఫామ్ నింపి కంప్లైంట్ పెడితే ‘ట్రిప్ వివరాలు లేవు’ అని మూసేశారా?

ఆ ఫామ్ ప్రయాణికుల కోసం పెట్టింది అయ్యుంటుంది. మీరేమో టాక్సీ ఎక్కలేదు, పక్కనుంచి కట్ కొట్టాడంటున్నారు. ఇక ట్రిప్ నంబర్ ఎక్కణ్ణుంచి తెస్తారు?

1. టాక్సీలకు లైసెన్స్ ఇచ్చే అధికారులకు రాయండి. గుద్దినా, బెదిరించినా పోలీసులకు కూడా.

2. బండి నంబర్, చోటు, టైం ఇవ్వండి. చాలామంది వదిలేసేది టైమే. ఒకే టాక్సీని షిఫ్టుల్లో ఇద్దరు నడుపుతుండొచ్చు. ‘సాయంత్రం’ అంటే ఎవరో తేలదు, ‘6:40 ప్రాంతంలో’ అంటే తేలుతుంది. ఆ టైంకి దగ్గర్లో ఎవరికైనా ఫోన్ చేశారేమో కాల్ లిస్ట్ చూడండి, గుర్తొస్తుంది.

3. డాష్‌క్యామ్ (బండిలో పెట్టుకునే కెమెరా) వీడియో ఉంటే ఇవాళే కాపీ తీయండి. మెమరీ కార్డు నిండాక పాతది చెరిగిపోతుంది.

‘రౌడీలా నడిపాడు’ అని రాయకండి (కోపం న్యాయమే అనుకోండి). ‘ఇండికేటర్ వేయకుండా నా లేన్‌లోకి వచ్చాడు, సడన్ బ్రేక్ వేశాను’ చాలు.