2147483647 ప్రధాన సంఖ్య అని కంప్యూటర్ లేని రోజుల్లో ఎలా తేల్చారు?

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర మా ట్యూషన్‌లో మొన్న ఒక ఇంటర్ పిల్లగాడు ఇదే అడిగాడు. 214 కోట్లు దాటిన ఈ సంఖ్య, 31 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే వస్తుంది. ఇది ప్రధాన సంఖ్యేనని 1772లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ తేల్చాడు.

వర్గమూలం 46,340 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు, కానీ అవే వేలల్లో ఉంటాయి. కిటుకు ఎక్కడుందంటే, దీన్ని భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 248తో భాగిస్తే శేషం 1 గానీ 63 గానీ రావాలి. ఆ లెక్కన మొదట పరీక్షించాల్సింది 311. కాగితం మీద చేసి చూడండి, 35 మిగులుతుంది. తర్వాతది ఏకంగా 1303! మధ్యలో వందకు పైగా ప్రధాన సంఖ్యలు ముట్టుకునే పనే లేదు. అయినా చేత్తో చేయడమంటే ఓపిక కావాల్సిందే. చివరిదాకా ఒక్కటీ నిశ్శేషంగా భాగించలేదు.

కోడింగ్ చేసేవాళ్లకు ఇది పాత చుట్టమే: రుణ సంఖ్యలకూ చోటిచ్చే 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతిపెద్ద విలువ ఇదే.