వేలు పెట్టి చూపించు, పైకి పలుకు

చిరంజీవి తల్లికి,

పిన్ని ఆశీస్సులు. వృద్ధుల సంరక్షణ పనికి జపాన్ వెళ్తున్నావు, చేతి భాగాల జపనీస్ పేర్లు మాత్రం నోటికి రావడం లేదని రాశావు. పట్టిక ముందేసుకుని వల్లె వేయడం ఈరోజే మానెయ్యి. అక్కడి రైలు డ్రైవర్లు సిగ్నల్ వైపు వేలు చాచి, చూసింది పైకి చెబుతారు. ఆ పద్ధతిని యుబిసషి కొషో అంటారు. యుబి అంటే వేలే. నువ్వూ కుడి చేతి వేలితో ఎడమ చేతిని తాకుతూ పైకి పలుకు.

బొటనవేలు ఒయయుబి, అంటే అమ్మానాన్నల వేలు. చిటికెన వేలు కొయుబి, చిన్న వేలు. మధ్యది నకయుబి. హితొసషియుబి అంటే మనిషిని చూపే వేలు, అచ్చం మన చూపుడు వేలే. ఉంగరపు వేలు అక్కడ కుసురియుబి, మందు వేలు. పూర్వం మందు కలపడానికి ఆ వేలు వాడేవారట. ఆ పేరంటే నాకెంతో ఇష్టం.

తెకుబి దగ్గర మాత్రం జాగ్రత్త. తె అంటే చేయి, కుబి అంటే మెడ. చేతికి మెడ మణికట్టు. నేను అక్కడున్న కొత్తలో పక్కింటి పెద్దావిడ "తెకుబి" అంటూ చేయి చాపితే, తె ఒక్కటే అర్థమై వేళ్లు ఒత్తుతూ కూర్చున్నాను. ఆవిడ ఓపిగ్గా నా బొటనవేలు పట్టుకుని, వాచిన మణికట్టు మీద పెట్టింది. ఆ వెచ్చదనం ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి ఆ మాట మరచిపోలేదు. కాలికి మెడ అషికుబి, చీలమండ. ఒకటి వస్తే రెండోది వచ్చినట్టే.

గోరు త్సుమె. దాన్ని సుమె అనకు, టుమె అసలే అనకు. మనం చుక్క, చుట్టం అనేటప్పుడు నాలుక పళ్లకు తగిలే ఆ "చు" ఉంది చూడు, అదే. ఇంత సులువుగా ఆ శబ్దం అందరికీ దొరకదు. పెద్దవాళ్లకు గోళ్లు తీసేటప్పుడు రోజూ పనికొచ్చే మాట ఇది. అరచేయి తెనొహిర, చేతి వెనుక వైపు తె నొ కో. ఆ కో దీర్ఘం, పొట్టిగా పలకకు.

ఉత్తరాన్ని అక్కడ తెగమి అంటారు, చేయి, కాగితం కలిపిన మాట. నీ తర్వాతి తెగమిలో ఎడమ చేయి కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, పుస్తకం చూడకుండా పేర్లన్నీ రాసి పంపు. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది పంపుతాను.

మీ పిన్ని