పాత సామాన్ల కొట్టు కథ రాసిన అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. మొదటిసారి ఏకబిగిన చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ఊరి పేరు, మనుషుల పేర్లు మార్చావు గానీ అది మీ నాన్నగారి కొట్టేనని మొదటి పేజీలోనే తెలిసిపోయింది.

నీ కథలో ఆయన పొద్దున్నే షట్టర్ ఎత్తుతాడు, మర్ఫీ రేడియో మీద దుమ్ము దులుపుతాడు, గోడ గడియారానికి కీ ఇస్తాడు. హైదరాబాదు నుంచి వచ్చిన దంపతులకి కంచు చెంబు గురించి ఓపిగ్గా చెప్తాడు. బాగానే ఉంది. మరి ఆ చెంబు ఆయన చేతికి ఎలా వచ్చింది? ఎవరింట్లోంచి వచ్చింది? ఎంతకి కొన్నాడు? ఎనిమిది పేజీల్లో ఆయన ఒక్క వస్తువూ కొనలేదమ్మా. కొట్టు పెట్టి అమ్మడం అందరూ చూసేదే. కొనడం మాత్రం వేరేవాళ్ల ఇంట్లో, వీధి తలుపు దగ్గరగా వేశాక జరుగుతుంది. ఈ వ్యాపారం బతికేది అక్కడే.

నాకెలా తెలుసంటావా? మేం అమ్ముకున్నవాళ్లం. కోనసీమలో మా మండువా ఇల్లు విప్పించిన ఏడాది స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు కలప వ్యాపారి మాట్లాడుకుపోయాడు. ఇత్తడి సామాను కోసం పక్క టౌను నుంచి ఒకాయన స్కూటర్ మీద వచ్చాడు. వెనక పదేళ్ల కొడుకు. బడికి సెలవు కాబోలు. నీళ్లు కాచే గంగాళం, రెండు గుండిగలు, దీపపు సెమ్మెలు, నాయనమ్మ కాశీకి పట్టుకెళ్లిన మరచెంబు, అన్నీ వసారాలో పెట్టాం. ఒక్కోదాన్నీ వేలి కణుపుతో కొట్టి విన్నాడు. అడుగు తిప్పి మాటు వేసిన అతుకులు ఉన్నాయేమో వెతికాడు. గంగాళం అంచు మీద నాయనమ్మ పేరు చెక్కి ఉంది. పైకి చదవబోయి, మా అమ్మ మొహం చూసి ఆగిపోయాడు. అన్నిటికీ తూకం ధర చెప్పి, మరచెంబుకి మాత్రం విడిగా, కాస్త ఎక్కువే ఇస్తానన్నాడు. అమ్మ బేరమాడలేదు. ఆడితే ఇంకొంత ఇచ్చేవాడే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అమ్మకి తెలుసో లేదో ఇప్పటికీ తెలీదు. ఈలోగా పిల్లాడు సెమ్మె పట్టుకుని ఆడుతుంటే, "పెట్టేయ్, డబ్బులివ్వలేదింకా, అది వాళ్లదే" అన్నాడు.

కొన్నేళ్ల తర్వాత ఆయన మీద ఒక కథ రాశాను. పచ్చి మోసగాణ్ని చేశాను. అచ్చయింది, మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా వచ్చాయి. ఆ పిల్లాడిని కథలోంచి తీసేశాను చూడు, అదీ నేను చేసిన పని. వాడుంటే నా మోసగాడు నిలబడడు మరి. నువ్వు నాకు ఎదురు దారిలో వెళ్లావు. కూతురివి కాబట్టి మీ నాన్నగారిని దేవుణ్ని చేశావు.

సరుకు సంగతులు ఆయన్నే అడిగి రాసుకో. నీ కథలో ఆయన చెంబుని చింతపండు పెట్టి తళతళా తోమించాడు. అలా తోమితే ఏళ్ల తరబడి పట్టిన రంగు పోతుంది, దాంతోపాటు ధరా పోతుంది. పెద్ద ఇత్తడి గొట్టంతో మెరిసిపోయే గ్రామఫోన్ ఒకటి పెట్టావు. అలాంటివాటిలో చాలా భాగం ఈమధ్య చేసినవే. కొత్త పెట్టె, కొత్త గొట్టం, లోపల ఏదో పాత పోర్టబుల్ గ్రామఫోన్‌లోంచి పీకిన మోటారు. ఒకవైపు రాముడి పట్టాభిషేకం, ఇంకోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం ఉన్న నాణేలు లక్షలు పలుకుతాయని సంచిలో పట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ వేయలేదు. ఆ మాట చెప్పగానే వాళ్ల మొహం ఎలా మారుతుందో మీ నాన్నగారు వందసార్లు చూసుంటారు. ఇక 'రైస్ పుల్లింగ్' చెంబు ఉందా అని గుసగుసగా అడిగేవాళ్ల సంగతి సరేసరి. బియ్యపు గింజల్ని లాగే రాగి పాత్ర కోట్లు చేస్తుందని నమ్మి ఇళ్లు అమ్ముకున్నవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాళ్లలో ఒకణ్ని కొట్టులో కూర్చోబెట్టు, నవ్వకుండా రాయి.

రాత్రిపూట ఎవరో తువ్వాలులో చుట్టి పంచలోహ విగ్రహం తెస్తే, ఆయన 'ఇది దైవ సొత్తు' అని వెనక్కి పంపించేశాడని రాశావు. ఒప్పుకుంటాను. కానీ 1972లో చేసి 1976లో అమల్లోకి తెచ్చిన చట్టం ఒకటుంది. నూరేళ్లు దాటిన విగ్రహాలూ నాణేలూ అమ్మే వ్యాపారానికి లైసెన్సు కావాలి. రాతప్రతులైతే డెబ్బయి అయిదేళ్లకే ఆ లెక్కలోకి వస్తాయి. దొంగ విగ్రహం దొరికితే జైలే. ఆ రాత్రి ఆయనకి భక్తి ఎంత, భయం ఎంత? లోపల గదిలో పడుకున్న ఇద్దరు ఆడపిల్లలు గుర్తొచ్చారా? అది రాయలేదు నువ్వు.

అసలు ఇల్లు ఎక్కడుంది కథలో? మీ అమ్మగారు ఒకసారి కాఫీ తెచ్చిచ్చి మాయమైపోయారు. నాతో ఫోన్‌లో నువ్వే చెప్పావు కదా, ఎవరో పోయిన మంచం ఇంట్లోకి తేవద్దని ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారని, ఆ పందిరిమంచం నాలుగు నెలలు వరండాలో టార్పాలిన్ కింద ఉందని. బోణీ లేని నెలలో నీ ఫీజు డబ్బంతా అమ్ముడుపోని భోషాణంలో ఇరుక్కుందని. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లతో మీ మావయ్య 'బావగారిది యాంటిక్స్ బిజినెస్' అంటే, మీ నాన్నగారు 'పాత సామాన్ల కొట్టండీ' అని సరిదిద్దారని. ఫోన్‌లో ఇంత బాగా చెప్పినదానివి కాగితం దగ్గరికొచ్చేసరికి ఎందుకమ్మా మొహమాటం? నాన్నగారు చదువుతారని టెన్షన్ అయితే ముందు ఆయనకే చదివి వినిపించు. తిడితే ఆ తిట్టు కూడా రాసుకో.

చివర్లో ఆయన ముసలాయన గడియారం ఊరికే తిరిగిచ్చేస్తాడు చూడు, ఆ సీను తీసెయ్. తిరిగివ్వనీ, తప్పులేదు. కొన్న ధరకిచ్చాడా, రిపేరు ఖర్చు వేసుకున్నాడా, పైన ఇంకో రెండొందలు తీసుకున్నాడా అన్నది తేల్చుకుని రాయి. ఆ రాత్రి ఇంట్లో మీ అమ్మగారికి ఏ అంకె చెప్పాడో కూడా.

తిరగరాశాక పంపు, తొందరేం లేదు. ఇంకో సంగతి. కొట్టులో మరచెంబులేమైనా ఉంటే మూత విప్పి చూడు. మాదానికి మర మొదట్లో చిన్న సొట్ట ఉండేది, మూత రెండుసార్లు తిప్పితేగానీ పట్టేది కాదు. కొంటానని కాదు, ఊరికే అడుగుతున్నాను.

ఉంటాను.