కోపం దేవుని మీదేనా?

ప్రశ్న: మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. మల్కాజిగిరిలో ఉంటాం, నేను బ్యాంకు ఉద్యోగిని. రెండేళ్ల క్రితం మా వారు కాలేయ క్యాన్సర్‌తో ప్రభువునందు నిద్రించారు. అప్పుడు సాయానికి గుంటూరు నుంచి వచ్చిన అమ్మ ఇప్పటికీ నాతో, పిల్లలతోనే ఉంటోంది. ఆయన మంచంలో ఉన్నన్నాళ్లు అమ్మ ఉపవాస ప్రార్థనలు పెట్టించింది, స్వస్థత తప్పదని అందరికీ చెప్పింది. ఒకరోజు ఆయన బీమా కాగితాల ఫైలు అడిగితే తెచ్చాను. అమ్మ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, ‘ఇవి అపనమ్మకపు పనులు’ అంటూ బీరువాలో పెట్టేసింది. ఇప్పుడు నాకు ప్రార్థన రావడం లేదు, నిద్ర పట్టడం లేదు. వాక్యం చదివితే అక్షరాలే కనిపిస్తున్నాయి. మెదక్ చర్చికి వెళ్లినా మనసు కదలలేదు. అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేపుతుంది. కుటుంబ ప్రార్థనలో ‘నా బిడ్డ చల్లారిపోయింది ప్రభువా’ అని అందరి ముందూ ఏడుస్తుంది. సంఘం మారితే విశ్వాసం తిరిగి వస్తుందా? ఈ స్థితిలో ప్రభువు బల్లలో (చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారంలో) పాలు పొందవచ్చా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: సంఘం మారే ఆలోచన పక్కన పెట్టండి. ఏ సంఘానికి వెళ్లినా ఆదివారం మధ్యాహ్నానికి మీరు తిరిగి చేరేది ఆ ఇంటికే, మీ బాధ ఉన్నదీ అక్కడే. ప్రభువు బల్ల గురించి కూడా మీరు ఇంతగా మథనపడనక్కరలేదు. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘం వారిని మందలించింది, ఆ బల్ల దగ్గర పేదలు ఆకలితో ఉండగా తాము కడుపునిండా తిని తాగినందుకు. దుఃఖంతో వచ్చినవారిని ఆయన ఆపలేదు. వెళ్లండి.

మీ ఉత్తరంలో దేవుని మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ఫైలు సంగతి మాత్రం ఎవరి చేతిలోంచి ఎవరు తీసుకున్నారో, ఎక్కడ పెట్టారో కూడా రాశారు. తాను లేకపోతే ఇల్లు ఎలా గడవాలో ఆ కాగితాలు ముందు పెట్టుకుని మీతో మాట్లాడాలని మీ వారు అనుకున్నారు. ఆ మాటలు జరగనేలేదు, ఆయన వెళ్లిపోయారు. తల్లి మీద కోపం పాపమని నేర్చుకుని పెరిగిన బిడ్డ ఆ కోపాన్ని తనతో తాను కూడా ఒప్పుకోలేదు. అందుకే అది తల్లి నోట నిత్యం వినిపించే దేవుని మీదికి మళ్లుతుంది. ఆ రోజు ‘అపనమ్మకపు పనులు’ అన్న గొంతే ఇప్పుడు నాలుగింటికి లేపి ప్రార్థన మొదలుపెడుతుంటే, దానికి ఆమేన్ చెప్పలేకపోవడాన్ని నేను విశ్వాసం కోల్పోవడంగా చూడను.

మీ అమ్మగారు అన్న మాటకు లేఖనాల్లో ఆధారం లేదు, ఇది గట్టిగానే చెబుతున్నాను. యూదా రాజు హిజ్కియాకు మరణకరమైన రోగం వచ్చినప్పుడు, ఇల్లు చక్కబెట్టుకొమ్మని ప్రవక్త యెషయా చేత చెప్పించింది దేవుడే. ఆ రాజే గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థిస్తే ఆయుష్షు 15 ఏళ్లు పొడిగించినవాడూ ఆయనే. రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. యాకోబు తనను ఎక్కడ పాతిపెట్టాలో కుమారులకు చెప్పి మరీ కన్నుమూశాడు. సిలువ మీద వేలాడుతూ కూడా యేసు తన తల్లిని శిష్యునికి అప్పగించారు. మీ వారు చేయబోయినదీ అటువంటిదే.

అలాగని ఆమెను దోషిగా నిలబెట్టమని నేను అనను. అల్లుడు రోజురోజుకూ చిక్కిపోతుంటే, పిల్లలతో కూతురు ఒంటరిదవుతుందన్న భయంతో ఆమె తనకు తెలిసిన ఒక్క దారినీ గట్టిగా పట్టుకున్నారు. సర్వం పోగొట్టుకున్న యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతనితో మౌనంగా కూర్చున్నంత కాలం మంచి స్నేహితులే. నోరు తెరిచాకే గాయపరిచారు. ఆమెను గుంటూరు పంపించేయమని మీకు చెప్పేవారు ఉంటారు, నేను మాత్రం చెప్పను. ముదిమిలో తల్లిని చూసుకోవడం బిడ్డ బాధ్యత, ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ పదిమంది ముందు మీ ఆత్మీయ స్థితిని ప్రార్థనాంశంగా పెడుతుంటే తల వంచుకుని కూర్చోవడం ఆ బాధ్యత కిందికి రాదు.

పిల్లలు ఇంట్లో లేని ఒక సాయంత్రం చూసుకుని ఆమెతో మాట్లాడండి. డొంకతిరుగుడు లేకుండా ఫైలు సంగతే ఎత్తండి. ‘అమ్మా, ఆ రోజు ఆయన నాతో మాట్లాడాలనుకున్నారు, నువ్వు మాట్లాడనివ్వలేదు, ఆ నొప్పి నాకు ఇంకా పోలేదు’ అంటే చాలు. యెషయా 38వ అధ్యాయం ఆమె బైబిల్లోనే తీసి చదివించండి, వాదనకు దిగకండి. ఆమె ఏడవవచ్చు, ఆ పూట అన్నం మానేసి పడుకోవచ్చు. బతిమాలి అన్నం పెట్టండి, అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోకండి. కూడికలో మీ పేరు ఎత్తవద్దని, నాలుగింటికి లేపవద్దని కూడా అప్పుడే చెప్పండి.

ప్రవక్త ఏలీయా చావు కోరుకుని బదరీ వృక్షం కింద పడుకుంటే, దూత అతన్ని లేపి రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ లేపి తినమన్నాడు. గద్దింపులు, ప్రసంగాలు అక్కడ లేవు. మీకు కూడా ముందు నిద్ర కావాలి. రెండేళ్లుగా ఇదే పరిస్థితి అయితే డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బైబిలు తెరవాలనిపించిన రోజు 88వ కీర్తన చదవండి. అందులో చివరి మాట కూడా చీకటి గురించే, అయినా దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు. నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదని మార్త యేసు ముఖం మీదే అంది, ఆయన ఆమెను కోప్పడలేదు. మీ మనసులో ఉన్నదీ అదే అయితే, గది తలుపు వేసుకుని మీ మాటల్లో మీరూ ఆయనతో అనండి. ప్రస్తుతానికి మీ ప్రార్థన అదే.

అమ్మగారితో మొదటిసారి మాట కుదరకపోతే కొన్నాళ్లు ఆగి మళ్లీ కూర్చోండి. పాస్టరు గారిని మాత్రం మధ్యలోకి పిలవకండి. ఆయన ఎంత మంచివారైనా, వచ్చారంటే అది ప్రార్థన కూడిక అయిపోతుంది, మీ ఇద్దరి మధ్య జరగవలసిన మాటలు మళ్లీ జరగకుండా పోతాయి.