టీవీ కొనే ముందు మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

దసరాలోపు ఇంటికి 43 అంగుళాల టీవీ కొనాలని దేవరకొండలో రెండు దుకాణాలు తిరిగి వచ్చావని అక్క ఫోనులో చెప్పింది. ఇరవై ఏళ్లు టీవీలు బాగుచేసిన వాడిని కనుక, నీవు డబ్బు కట్టకముందే ఈ ఉత్తరం చేరాలని వెంటనే రాస్తున్నాను.

దుకాణంలో గోడ నిండా పెట్టిన టీవీల్లో నెమళ్లు, జలపాతాలు, కోసిన పండ్లు మెరుస్తూ కనిపిస్తాయి. అవి చూపించడానికే తీసిన 4కె వీడియోలు, అంటే చాలా ఎక్కువ స్పష్టత ఉన్నవి. పైగా ట్యూబులైట్ల వెలుతురులో కంటికి ఆనాలని రంగునూ వెలుగునూ బాగా పెంచి పెడతారు. మీ అమ్మ రోజూ చూసేది సెట్‌టాప్ బాక్సులో వచ్చే మామూలు చానెల్. హెచ్‌డీ కాని ఆ చానెల్ బొమ్మలో ఉండేవి 576 గీతలే కాగా 4కె తెరకు 2160 గీతలుంటాయి కనుక, తక్కువైన వాటిని టీవీయే లెక్కగట్టి నింపుకోవాలి, మంచి టీవీకీ నాసిరకం టీవీకీ తేడా ఆ పనిలోనే బయటపడుతుంది. కాబట్టి మొహమాటపడకుండా సెట్‌టాప్ బాక్సు తగిలించమని అడుగు. పిక్చర్ మోడ్‌ను స్టాండర్డ్‌కు మార్పించి, తెలుగు వార్తలు పెట్టించి, తెర అడుగున పరుగెత్తే అక్షరాలను గమనించు. ‘రాష్ట్రం’ అన్న మాటలో ఒత్తులు విడివిడిగా కనిపించాలి, అక్షరం వెనుక నీడ సాగకూడదు. తర్వాత నాలుగడుగులు పక్కకు జరిగి చూడు. మీ ఇంట్లో అక్క మంచం టీవీకి ఎదురుగా లేదు, కిటికీ మూలకు ఉంది. కొన్ని ప్యానెళ్లలో పక్కనుంచి చూస్తే మనుషుల ముఖాలు పాలిపోతాయి.

ధర గురించి ఒక్క మాట. 32 అంగుళాలకు మించిన టీవీలపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతమే. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు, రేపు వారంటీ అడగడానికి ఆ కాగితమే ఆధారం. బిల్లు మీద సీరియల్ నంబరు వేయించి, టీవీ వెనుక ఉన్న నంబరుతో సరిచూసుకో. రిపేరుకు మెకానిక్ నల్గొండ నుంచి వస్తాడా, హైదరాబాద్ నుంచి రావాలా అని కూడా అడుగు.

ఇంటికి తెచ్చేటప్పుడు టీవీని పడుకోబెట్టవద్దు. నేను ఒకసారి హాలియా నుంచి ట్రాలీ ఆటోలో పెట్టెను పడుకోబెట్టి తెచ్చాను. ఇంట్లో స్విచ్ వేయగానే తెర ఒక మూల నుంచి సాలెగూడులా గీతలు వచ్చాయి. పగుళ్లకు వారంటీ వర్తించదు కనుక ఆ డబ్బంతా పోయింది. నీవు పెట్టెను నిలబెట్టి, ఇరువైపులా పరుపు ఆనించి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి తీసుకురా. బిగించడానికి వచ్చినవాడు నీ ఎదుటే పెట్టె విప్పాలి, గోడకు ఎక్కించకముందే ఒకసారి వేసి చూపించాలి.

మీ మామయ్య
మిర్యాలగూడ