మన మండలం ఓటు గురించి రాయబోతున్న మేనకోడలికి

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. 2024 పార్లమెంటు ఎన్నికల్లో మన మండలం వాళ్లు ఎటు ఓటు వేశారో ఊరి వారీగా రాయాలనుకుంటున్నానని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. చదివి నాకు చాలా సంతోషమైంది. బడిపంతులుగా ఉన్నన్నాళ్లూ నాకు ఎన్నికల డ్యూటీ తప్పింది లేదు. తెల్లవారకముందే లేచి ఏజెంట్ల ముందు మాక్ పోల్ (నమూనా ఓటింగ్) చేసి, రాత్రి పొద్దుపోయాక యంత్రాలు అప్పజెప్పి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. అప్పుడు నేర్చుకున్నదే ఇప్పుడు నీకు చెప్తున్నాను.

ముందు ఫారం 20 తెచ్చుకో. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పెడతారు. ఏ బూత్‌లో ఏ అభ్యర్థికి ఎన్ని పడ్డాయి, నోటాకు ఎన్ని, మొత్తం ఎన్ని అన్నది వరసగా ఉంటుంది. పేపర్లలో వచ్చే రౌండ్ల లెక్క నీకు పనికిరాదు, ఒక్క రౌండులో చాలా బూత్‌లు కలిసిపోతాయి. పార్లమెంటు ఎన్నికకు కూడా ఈ షీటు అసెంబ్లీ సెగ్మెంట్ల వారీగానే ఉంటుంది. అందుకే 2023 నవంబరు 30న జరిగిన తెలంగాణ అసెంబ్లీ పోలింగ్ షీటును, 2024 మే 13న జరిగిన పార్లమెంటు పోలింగ్ షీటును పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు. అదే బడి, దాదాపు అదే జనం, మధ్యలో ఐదున్నర నెలలు. ఇలాంటి అవకాశం మళ్లీ మళ్లీ రాదు, వదులుకోకు.

రాష్ట్రం మొత్తం మీద ఏం జరిగిందో నీకు తెలుసు. అసెంబ్లీకి బీఆర్ఎస్ 37 శాతం పైగా ఓట్లతో 39 సీట్లు తెచ్చుకుంది. పార్లమెంటుకు వచ్చేసరికి 17 శాతం లోపుకు పడిపోయి ఒక్క సీటూ గెలవలేదు. బీజేపీ 14 శాతం దగ్గర నుంచి 35 శాతానికి ఎగబాకి 8 సీట్లు గెలిచింది. కాంగ్రెస్ 39 నుంచి 40 శాతానికి, అంటే ఉన్నచోటే ఉంది, దానికీ 8 సీట్లే. మిగిలిన హైదరాబాద్ మజ్లిస్‌ది. ఇది చూసి అందరూ ఒకటే మాట అన్నారు, కారు ఓట్లు పువ్వుకు పోయాయని. చాలాచోట్ల అది నిజమే కావచ్చు. కానీ మన మండలంలో అదే జరిగిందని రాయాలంటే అంత తొందర పనికిరాదు.

ఎందుకంటావా? ఒక బూత్ ఉందనుకో. నవంబరులో 800 ఓట్లు పోలయ్యాయి. చేతికి 400, కారుకు 300, పువ్వుకు 100. మేలో 650 పోలయ్యాయి. చేతికి 380, కారుకు 100, పువ్వుకు 170. కారుకు 200 తగ్గాయి, పువ్వుకు 70 పెరిగాయి. కారు నుంచి 70 పువ్వుకు పోయాయి, మిగతావాళ్లు ఇంట్లో కూర్చున్నారు అని రాసేయాలనిపిస్తుంది. కానీ చేతి వాళ్లే ఓ వంద మంది ఓటుకు రాకుండా, కారు వాళ్లు ఓ ఎనభై మంది చేతికి వేసి ఉంటే? అప్పుడూ ఇవే అంకెలు వస్తాయి. ఎవరు ఎటు కదిలారో షీటు చెప్పదు. ఇంకో సంగతి, పువ్వు శాతం ఇక్కడ 12.5 నుంచి 26 దాటింది. రెట్టింపు అయిందని హెడ్డింగు పెట్టడానికి బాగుంటుంది, నిజానికి కొత్తగా చేరిన ఓట్లు 70. అందుకే శాతం రాసిన ప్రతిచోటా పక్కనే ఓట్ల సంఖ్య కూడా రాయి. రాష్ట్రంలో పోలింగే 71 శాతం నుంచి 66 లోపుకు తగ్గింది. రానివాళ్లను లెక్కలోకి తీసుకోకపోతే నీ వ్యాసం సగం తప్పే.

ఆ రానివాళ్ల గురించి ఊళ్లలో కనుక్కో. గల్ఫ్‌కో, బొంబాయి, భివండీలకో పోయినవాళ్ల పేర్లు లిస్టులో అలాగే ఉంటాయి. చనిపోయినవాళ్ల పేర్లు కూడా ఏళ్ల తరబడి తీసెయ్యరు. అలాంటి ఊళ్లో 60 శాతం పోలైందంటే, ఊళ్లో ఉన్నవాళ్లు దాదాపు అందరూ వేశారని అర్థం కావచ్చు. ఓటర్ల లిస్టు చూసుకునే బూత్ అధికారి బీఎల్‌వోతో కూర్చుని లిస్టు ఒకసారి తిరగేస్తే నీకే తెలుస్తుంది.

బూత్ నంబర్లను నమ్మి మోసపోకు. ఓటర్లు పెరిగితే బూత్‌ను రెండు చేస్తారు, దాంతో కింది నంబర్లన్నీ జరిగిపోతాయి. నవంబరులో 112 అన్నది మేలో 113 కావచ్చు. నంబరు కాదు, బడి పేరు, గది, అందులోని ఇళ్ల నంబర్లు చూసి జత కలుపు. పోస్టల్ బ్యాలెట్లు బూత్ లెక్కలో ఉండవు, షీటు అడుగున వేరే వరసలో కలుస్తాయి. నవంబరులో 80 ఏళ్లు దాటినవాళ్లకు ఇంటి నుంచే ఓటు వేసే వీలుంది, మే నాటికి దాన్ని 85 చేశారు. అంటే నవంబరులో అడుగు వరసలో ఉన్న కొందరు ముసలివాళ్లు మేలో బూత్‌కు వచ్చి ఉంటారు. చిన్న తేడాయే, కానీ చిన్న బూత్‌లో కనబడుతుంది. ఎక్కడైనా ఒక వరసలో అన్నీ సున్నాలే ఉంటే ఊరు ఎన్నికను బహిష్కరించిందని రాసేయకు. లెక్కలో తేడా వచ్చి యంత్రాన్ని పక్కన పెట్టి ఉండొచ్చు. ఒక్క ఫోన్ చేసి కనుక్కో.

ఇక నీకు అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్న మాట. ఓ ఎన్నిక అయ్యాక నేను బూత్‌ల లెక్కంతా నోటుబుక్కులో ఎక్కించుకుని, ఊళ్లో అరుగు మీద కూర్చుని నలుగురికీ చదివి వినిపించాను. ఫలానా వాడ వాళ్ల బూత్‌లో గెలిచినాయనకు పట్టుమని ముప్పై ఓట్లు కూడా పడలేదని చెప్పాను. నా లెక్క అక్షరాలా నిజం. ఆ వేసవిలో ఆ వాడకు వచ్చే నీళ్ల ట్యాంకర్ ఆగిపోయింది. అడగడానికి పోయినవాళ్లతో 'మీరు మాకు వేశారా?' అన్నారట. రెండు నెలలు ఆడవాళ్లు బిందెలు ఎత్తుకుని ఊరవతలి బావి దాకా నడిచారు. వాళ్లలో ఒకామెను నేనే బూత్‌లో చూశాను. బీడీలు చుట్టి చుట్టి ఆమె బొటనవేలి గీతలు అరిగిపోయాయి, రిజిస్టర్‌లో మూడుసార్లు అద్దించినా మచ్చ పడింది తప్ప ముద్ర పడలేదు. అయినా ఓపిగ్గా నిలబడి ఓటు వేసి పోయింది. ఆమె నాతో ఒక్క మాట అనలేదు. ఈ రోజుకీ ఆ వాడ మీదుగా పోవాలంటే నాకు తల ఎత్తబుద్ధి కాదు.

బ్యాలెట్ పేపర్ల కాలంలో పెట్టెలన్నీ కలిపి లెక్కించే పద్ధతి ఉండేది, ఏ వాడ ఎటు వేసిందో బయటపడేది కాదు. యంత్రాలు వచ్చాక ఒక్కో బూత్ విడిగా బయటపడుతోంది. అలా కాకుండా కొన్ని యంత్రాల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్ పెడదామని ఎన్నికల సంఘం 2008లోనే చెప్పింది, ఇప్పటికీ రాలేదు. అది వచ్చేదాకా ఆ పని నువ్వు చెయ్యి. ఒకే కులం వాళ్లు, ఒకే తండా వాళ్లు ఉండే చిన్న బూత్‌లను విడిగా చూపించకు. పక్క బూత్‌లతో కలిపి రాయి. ఎలాగూ వెబ్‌సైట్‌లో ఉందిగా అని నీ ఎడిటర్ అంటాడు. వెబ్‌సైట్‌లో బూత్ నంబరే ఉంటుంది తల్లీ, అక్కడెవరుంటారో పేరు పెట్టి చెప్పేది నువ్వు.

ఎందుకు అలా వేశారన్నది మాత్రం మనుషులే చెప్పాలి. ఎవరికి వేశారని ఎవర్నీ అడగకు. ఆ రోజుల్లో ఊళ్లో ఏం మాట్లాడుకున్నారని అడుగు. వడ్ల కొనుగోలా, మోదీనా, పింఛనా, అభ్యర్థి ముఖం చూడలేదనా, వాళ్లే చెప్తారు. ఆడవాళ్లను మగవాళ్లు లేనప్పుడు అడుగు, సమాధానం మారుతుంది.

ఒక్కోసారి జనం మాట ఓట్ల కంటే ముందు నామినేషన్లలోనే వినబడుతుంది. 1996లో నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి తెలియాలని వందల మంది నామినేషన్లు వేస్తే బరిలో 480 మంది మిగిలారు. పోలింగ్ వాయిదా వేసి బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు అదే చేశారు. మొత్తం 185 మంది, బూత్‌కు 12 బ్యాలెట్ యూనిట్లు. ఆ రైతులకు పడిన ఓట్లు మాత్రమే కూడితే ఏమీ అర్థం కాదు. సిట్టింగ్ ఎంపీ ఓడిపోవడం, ఆ తర్వాత అన్ని పార్టీలూ పసుపు బోర్డు గురించి మాట్లాడటం కలిపి చూడాలి. మన మండలం నుంచి స్వతంత్రులు ఎవరైనా నిలబడ్డారేమో చూడు. పడింది వంద ఓట్లే అయినా వెళ్లి కలువు.

నా పాత నోటుబుక్కులు మీ అత్తయ్య బీరువాలోంచి తీసి పెట్టింది. 2009 నుంచి ఉన్నాయి. అంతకుముందువి వద్దు, నియోజకవర్గాల హద్దులే వేరు. ఆదివారం వస్తే ఇస్తాను. ఆ వాడ లెక్క ఉన్న పేజీ మాత్రం చింపేశాను, దాని గురించి అడగకు.

మీ మామయ్య